ఒక్క దుఃఖము, రెండు కొలతలు

భర్త చనిపోయిన స్త్రీ యెంతకాలము దుఃఖింపవలెనని మన లోకము నడిగినచో బ్రతికినంతకాలమని చెప్పును. భార్య చనిపోయిన పురుషుడెంతకాలము దుఃఖింపవలెనని యడిగినచో పండ్రెండు దినములని నోటితో చెప్పదు గాని, పదుమూడవనాడు సంబంధములు వెదకుట కారంభించి తన యభిప్రాయమును స్పష్టముగనే తెలుపును. ఒకే యింటి కష్టసుఖములను పంచుకొనిన యిరువురిలో ఎవరు ముందు పోయిరన్నదానిని బట్టి, మిగిలినవారి కన్నీటికి కొలత మాఱుచున్నది. ఈ రెండు కొలతలును తప్పుడు కొలతలే యనియు, వీని రెండింటివలనను మిక్కిలి నష్టపడుచున్నది చనిపోయినవారి జ్ఞాపకమే యనియు నేను వాదింపదలచితిని.

విధవాచారములను గూర్చి వ్రాయుట పాతపాటయే యని చదువరులలో కొందఱు విసుగుకొనవచ్చును. శిరోముండనము పోయినది, తెల్లచీర పోయినది, ఇంక నేమున్నదని వారి ప్రశ్న. ఉన్నదానిని చెప్పెదను. మా గోదావరి ప్రాంతమున నేటికిని అనేక కుటుంబములలో పదవనాడు తెల్లవారకముందు జరుగు తంతొకటి గలదు. భర్తను కోల్పోయి పట్టుమని పదిదినములు గడువని స్త్రీకి తలంటి, క్రొత్తచీర కట్టి, మొగమునకు పసుపు రాచి, నొసట రూపాయ కాసంత కుంకుమ పెట్టి, తలనిండ పూలు తుఱిమి, రెండు చేతులకును నిండుగా గాజులు తొడుగుదురు. పెండ్లినాటి యలంకారమంతయు జరిగిన తరువాత ఆమెను కాలువయొడ్డునకో, చెఱువుగట్టునకో, పెరటి నూతికడకో గొనిపోయి, ఆ గాజులను పగులగొట్టి, కుంకుమ తుడిచి, మంగళసూత్రమును, నల్లపూసలను, కాలిమట్టెలను తీసివేయుదురు. ఈ పనికి ముందే వితంతువులైన స్త్రీలను నియోగింతురు. తాము పడిన యవమానమునే తమ చేతులతో వేఱొకతెకు చేయవలసిన దుర్గతి వారిది. మగవారు దూరముగ నిలువబడి, అది యాడువారి వ్యవహారమని తలలు త్రిప్పుకొందురు.

మా యక్కకు నలుబదియొకటవ యేట, 2016 వేసవిలో, ఈ తంతు జరిగినది. మా బావ కొబ్బరికాయల వర్తకుడు. ఆ యేడు మాఘమాసమున ఇరువురును అంతర్వేది తీర్థమునకు పోయినప్పుడు ఆయన గంటసేపు బేరమాడి డజను ఆకుపచ్చ గాజులు కొనిపెట్టెను. పదవనాడు తొడిగిన క్రొత్తగాజులతో పాటు అవియు పగిలినవి. మఱునాడు ఆమె నాతో ననిన మాట యిది: “తమ్ముడూ, ఆయన బేరమాడి కొన్న గాజులురా అవి. వాటినైనా నాకుంచకూడదా? ఆయన పోయినందుకు ఏడ్వనా, ఆయన యిచ్చినవి పోయినందుకు ఏడ్వనా?” ఈ ప్రశ్నకు సమాధానము చెప్పగల స్మృతికర్తను నేను చదివిన సంస్కృతములో నెఱుగను.

ఈ యాచారమును సమర్థించువారు, ఇది భర్తయెడల భార్యకు గల గౌరవమునకు చిహ్నమందురు. గౌరవమే యైనచో, ఆయన స్వయముగా నిచ్చిన వస్తువులను వెదకివెదకి నాశనము చేయుట యెట్టి గౌరవము? ప్రియుడైన వాడు పోయినప్పుడు మనసు సహజముగనే ఆయన చేయి సోకిన దానినెల్ల పట్టుకొని వ్రేలాడును. పెండ్లినాడు ఆయన కట్టిన సూత్రము, ఆయన వ్రేలితో పెట్టిన మట్టెలు, ఆయన తెచ్చిన పూసలు, ఇవియే గదా ఆమెకు మిగిలిన జ్ఞాపకములు! వానినే ఏఱి తీసివేయు నాచారము దుఃఖమును పాటించు నాచారము గాదు, దుఃఖించుదానిని శిక్షించు నాచారము. ఆ తెల్లవారుజామున ఆమెకు భర్తను తలచుకొనుటకు నిమిషమైనను దక్కదు. చుట్టును మూగిన వారి చూపులను, రాబోవు దెబ్బను తలచుకొని వణకుటతోడనే సరిపోవును. మన మామె భర్తకొఱకు ఏడ్చు నవకాశమును గూడ అపహరించితిమి.

“ఆమెయే కోరుకొన్నది, మేము బలవంతము చేయలే”దని కొందఱు పెద్దలు చెప్పుదురు. అడిగినచో గదా కోరుకొనుట! విక్టోరియా రాణి 1861వ సంవత్సరమున భర్త ఆల్బర్టు చనిపోయినది మొదలు 1901లో తాను మరణించు వఱకు నలుబదియేండ్లు నల్లని దుస్తులనే ధరించెను. ఎవరును ఆమె చేతినగలు ఊడ్చలేదు, శుభకార్యమునకు రావలదని చెప్పలేదు. ఆమె దుఃఖము అతిగా నుండెనని ఆమె ప్రజలే విసుగుకొనిరి గాని, అది ఆమె దుఃఖము, ఆమె యేర్పఱచుకొన్న విధము. మన యింటిలో నొక స్త్రీ, చూచి మెచ్చువాడు లేనప్పుడు ఈ కుంకుమ యెందులకని తనంత తాను తుడిచికొన్నచో ఆమెకు నమస్కరింతును. అట్లు తుడిచికొనని యామెకును అంతే భక్తితో నమస్కరింతును. (ఆంగ్లేయులను నేనిక్కడ పొగడుటలేదు. ఆ రాణిగారి కాలమున వారి దేశమునను విధవకు రెండేండ్లకు పైబడిన నల్లబట్టలును, భార్య పోయినవానికి చేతిపట్టీయో టోపీపట్టీయో చాలునన్న నియమమును ఉండెను. రెండు కొలతలు మన సొత్తే గాదు.)

ఇక శాస్త్రమని బెదరించువారి మాట. ఋగ్వేదమున పదవ మండలము పదునెనిమిదవ సూక్తము మరణసంస్కారమునకు సంబంధించినది. అందు భర్త శవము ప్రక్కన పరుండిన స్త్రీని గూర్చిన మంత్రమొకటి గలదు. అది ఆమెను అక్కడినుండి లేపి, బ్రతికియున్నవారి లోకమునకు రమ్మని పిలుచుచున్నది. ఆమె గాజులను గూర్చి, కుంకుమను గూర్చి అది యేమియు చెప్పదు. మన యాచారము సరిగా దీనికి వ్యతిరేకమైన పనిని చేయుచు, బ్రతికియున్న దానిని పట్టుకొని మృతులలో చేర్చుచున్నది. వేదము దూరమన్నచో కాళిదాసు దగ్గఱనే యున్నాడు. కుమారసంభవము నాలుగవ సర్గమున మన్మథుని పోగొట్టుకొన్న రతి కడుపుచించుకొని యేడ్చి, చితి పేర్పుమని వసంతుని వేడుకొనగా, ఆకాశవాణి ఆమె నాపి ఆశ కల్పించెను. రతి మెడలోని హారమును త్రెంపుటకు కాళిదాసు ఏ ముసలమ్మను పంపలేదు.

ఈ కాలమున నెవరు చేయుచున్నారను ప్రశ్నకు మఱల వచ్చెదను. పట్టణములలో చదువుకొన్న కుటుంబములు పదవనాటి తంతును ఇంటి లోపలి గదిలో, తలుపు మూసి, మెల్లగా జరుపుచున్నవి. శబ్దము తగ్గినది గాని పని తగ్గలేదు. మా మేనకోడలి పెండ్లిలో కన్యాదానమునకు పీటలమీద కూర్చున్నవారు దాని పెదతండ్రి, పెద్దతల్లి. తండ్రి పోయిన తరువాత కొబ్బరి కొట్టును తానే నడిపి, అప్పులు తీర్చి, ఆ పిల్లను ఇంజనీరింగు చదివించి, పెండ్లి ఖర్చంతయు పెట్టుకొన్న తల్లి ఆ ముహూర్తవేళ పెరటివసారాలో తాంబూలపు సంచులు సర్దుచుండెను. ఎవరును ఆమెను పొమ్మనలేదు. రమ్మని గూడ నెవరును పిలువలేదు. శుభ్రమైన దుస్తులు ధరించి చరవాణులలో ఛాయాచిత్రములు తీసికొనుచున్న ఆ సభలో, పట్టభద్రులు కానివారు నలుగురైన నుండరేమో! ఇది మా యింటి సంగతి గాని, ఈ పుటలు చదువుచున్న వారిలో తమ యింట నిట్టిది జరుగలేదని చెప్పగలవా రెందఱు?

చట్టము వలననే గాని ఇవి పోవని నిరాశపడువారు ఒక గ్రామపు మాట వినవలెను. మహారాష్ట్రమున కొల్హాపురము జిల్లాలో హేర్వాడ్ అను నూరు గలదు. 2022 మే నెలలో ఆ గ్రామసభవారు, తమ యూర భర్త చనిపోయిన స్త్రీల గాజులు పగులగొట్టుట, కుంకుమ తుడుచుట, మంగళసూత్రము తీయుట మొదలైన పనులు ఇక జరుగరాదని తీర్మానించిరి. ఆ మాసముననే ఆ రాష్ట్ర ప్రభుత్వము తక్కిన పంచాయతులును ఆ యూరి మార్గము ననుసరింపవలసినదని సూచించెను. తీర్మానముతో మనసులు మాఱునా యని వెక్కిరించుట సులభము. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము జరిపించిననాడు గూడ ఆ వెక్కిరింత వినబడియే యుండును. పంతులుగారి యూరున్న నేలమీద, ఆ తేదీ గడచి నూటనలువది యేండ్లైన తరువాత, మహారాష్ట్రపు పల్లెనుండి మనము నేర్చుకొనవలసివచ్చుట నాకు సిగ్గుగా నున్నది.

ఇప్పుడు రెండవ కొలతకు వత్తము. దీనిని గూర్చి మన సంస్కరణ పత్రికలు వ్రాసినది స్వల్పము. పురుషునికి స్వేచ్ఛ గలదు గాన వానికి బాధ లేదని వారి తలంపు కాబోలు.

భార్య పోయిన పురుషుని యెదుట మొదట వినబడు మాట, “పునిస్త్రీగా పోయినది, అదృష్టవంతురాలు” అనునది. పసుపు కుంకుమలతో పోవుట స్త్రీకి పరమభాగ్యమని దాని యర్థము. ఆమె ఎర్రచీరను, కుంకుమను చూచి ముత్తైదువలు కన్నులకద్దుకొందురు. నా భార్య 2019వ సంవత్సరమున ముప్పదియేడేండ్ల వయస్సున, పండ్రెండేండ్ల కూతురును, ఏడేండ్ల కొడుకును విడిచి, మూడు మాసములు రోగముతో పోరాడి పోయినది. ఆ పోరాటమంతయు బ్రతుకుటకే గాని అదృష్టవంతురాలగుటకు గాదు. ఆ మాట పలికినవారు నన్నోదార్చుచున్నామనియే తలంచిరి. కాని ఆలోచించి చూడుడు. స్త్రీకి భర్తకంటె ముందు చచ్చుట భాగ్యమైనచో, భర్తకంటె వెనుక బ్రతుకుట దౌర్భాగ్యమని తేలినది. మా యక్క గాజులు పగులగొట్టిన చేయియు, నా భార్య చావును మెచ్చుకొన్న నోరును ఒక్క లెక్కనే అనుసరించుచున్నవి. స్త్రీ జీవితమునకు భర్తయే కొలబద్ద యను లెక్క యది. దానిని ఇంతకాలమునుండి ఒకవైపుననే పరీక్షించితిమి.

పండ్రెండవనాడు భోజనములవేళ బాబాయి వరుసైన పెద్దమనిషి యొకరు విస్తరిలోని గారెను త్రుంచుచు నన్ను పిలిచి, “నాయనా, జరిగినదేదో జరిగినది. పిల్లలు చిన్నవాళ్లు. మా వియ్యంకులవైపు ఒక పిల్ల ఉన్నది, చదువుకున్నది, నెమ్మదస్తురాలు” అని చెప్పెను. నేను లేచిపోయితిని. ఆయన దుర్మార్గుడు గాడు. వంటకు మనిషి కావలెను, పిల్లలకు మనిషి కావలెను, ఒక ఖాళీ యేర్పడినది, పూరింపవలెను. ఆ లెక్కలో నా భార్య మనిషి గాదు, ఒక ఉద్యోగము. పాఠశాలలో ఉపాధ్యాయుని స్థానము ఖాళీ యైనను మూడు నెలలకు గాని ప్రభుత్వమువారు పూరింపరు!

మగవాడేడ్చుట మనవారు సహింపలేరు. కంట నీరు పెట్టుకొన్నచో ధైర్యము చెప్పుదురు. నెల గడచినను పెట్టుకొన్నచో మనసు చెడినదందురు. సంవత్సరము గడచిన పిమ్మట ఆమె పేరెత్తినచో మాట మార్చుదురు. నేను రఘువంశము ఎనిమిదవ సర్గము కథను తరగతిలో చెప్పునప్పుడు, నారదుని వీణనుండి జాఱిన పూలదండ తగిలి ఇందుమతి చనిపోవుటయు, అజమహారాజు ఆమెను ఒడిలో పెట్టుకొని యేడ్చుటయు రాగానే వెనుకబల్లల పిల్లలు నవ్వుదురు. రాజైయుండి యేడ్చుటయా యని. ఆ నవ్వు వారి యింటినుండి తెచ్చినదే. కాళిదాసు మాత్రము నవ్వలేదు. వసిష్ఠుడు శిష్యునిచేత వైరాగ్యబోధ చేయించి పంపినను, ఆ బోధ అజుని హృదయమునకు పట్టలేదనియే వ్రాసెను. దశరథుడు బాలుడు గాన వాని కొఱకు ఆ రాజు ఎనిమిదేండ్లు బ్రతుకీడ్చెననియు, ఆమెను పోలిన చిత్తరువులను చూచుచును, కలలలో క్షణకాలము ఆమెను కలసికొనుచును ఆ యెనిమిదేండ్లు గడపెననియు చెప్పెను. సూర్యవంశపు రాజునకు కొఱతపడిన పిల్లలుందురా? ఆయనకు సంబంధము చెప్పు బాబాయిని కాళిదాసు సృష్టింపలేదు. గడువు తీరిన పిమ్మట అజుడు గంగాసరయువుల సంగమమున శరీరము విడుచుటను నేను ఆదర్శముగ నెన్నను. పిల్లలున్న తండ్రి బ్రతుకవలెను. కాని ఎనిమిదేండ్ల దుఃఖమును వీరునికి దోషముగా నెంచని మహాకవి మన యింటివాడే యని చెప్పుటకు ఈ కథ చెప్పితిని.

క్రొత్త చదువు చదివినవారు శాస్త్రమునకు బదులు మఱియొక శాస్త్రము తెచ్చుచున్నారు. దుఃఖమునకు అయిదు మెట్లు గలవనియు, ఒక్కొక్కటి యెక్కి తుదకు సమాధానపడవలెననియు నాకు చెప్పిన మిత్రులు గలరు. ఆ మెట్లను వర్ణించిన ఎలిజబెత్ క్యూబ్లర్ రాస్ అను వైద్యురాలు 1969లో ప్రకటించిన గ్రంథము, తామే మరణమునకు సిద్ధపడుచున్న రోగులను గూర్చినది. వెనుక మిగిలినవారికి నిచ్చెనగా వేయుట తరువాతి పని. అమెరికా మనోవైద్యుల సంఘమువారు 2022లో సవరించిన తమ గ్రంథమున, పండ్రెండు మాసములు దాటిన తరువాతను రోజువారీ బ్రతుకును సాగనీయక పట్టి పీడించు దుఃఖమును ఒక వ్యాధిగా చేర్చిరి. మంచము దిగలేని వానికి వైద్యము కావలసినదే, అందు తప్పులేదు. కాని ఆ పండ్రెండు మాసములను పట్టుకొని, సంవత్సరము దాటి భార్యను తలచుకొను వాడెల్ల రోగి యనువారికిని, పండ్రెండు దినములు చాలునను మా బాబాయికిని భేదము స్వల్పమే.

ఇంతవఱకు దుఃఖమును గూర్చి చెప్పితిని. జ్ఞాపకమును గూర్చి చెప్పవలసినది ఇంకను గలదు, అదియే ముఖ్యము.

మనము చనిపోయిన భార్యను ఎట్లు జ్ఞాపకముంచుకొందుము? ముందుగదిలో పెద్ద పటము కట్టించి, దానికి వాడని పూలదండ వేసి, చిన్న విద్యుద్దీపము పెట్టుదుము. సంవత్సరమున కొకమాఱు ఆబ్దికము పెట్టుదుము. అందు ఆమె గోత్రము చెప్పుదురు, అదియు భర్త గోత్రమే. పేరు చెప్పుదురు. ఆమె యేమి మాటాడెడిది, దేనికి నవ్వెడిది, దేనికి కోపపడెడిది, ఆ దినమంతయు ఒక్కరును చెప్పరు. దినపత్రికలో శ్రద్ధాంజలి ప్రకటన వేయించుదురు. అందు ప్రతి భార్యయు అనుకూలవతి, ప్రతి యిల్లాలును అన్నపూర్ణ. పేర్లు మార్చినచో ఒకరి ప్రకటన వేఱొకరికి సరిపోవును. ఉత్తరకాండలో శ్రీరాముడు అశ్వమేధమునకు బంగారు సీతను ప్రక్కన నిలిపికొన్నాడని చదివి కన్నీరు విడుతుము. ఆ సమయమున ప్రాణములతో నున్న సీత వాల్మీకి యాశ్రమమున నున్న సంగతి మఱతుము. ప్రతిమకు నోరు లేదు గాన దానితో కాపురము సులభము.

తాజమహలును గూర్చియు నాకీ సందేహమే. షాజహాను దుఃఖము నిజమైనదే కావచ్చును, ఆ పాలరాతి యందమును కాదనువాడను గాను. కాని ముంతాజు 1631లో బురహానుపురమున పదునాలుగవ ప్రసవమున మరణించినది. లోకమంతయు గోరీని పొగడుచున్నది గాని, పదునాలుగు కానుపులను లెక్కించువారు అరుదు. థామసు హార్డీ యను ఆంగ్లకవి తన మొదటి భార్య ఎమ్మాతో చాలయేండ్లు ఎడముఖము పెడముఖముగ నుండి, 1912లో ఆమె చనిపోగానే, తామిరువురు తొలిసారి కలసికొనిన సముద్రతీరమునకు పరుగెత్తి, తన జన్మలోకెల్ల మేలైన విరహగీతములు వ్రాసెను. చదివినప్పుడు గుండె కరగును. వంటయింటిలో నుండగా విననివాడు సమాధినుండి వినుచున్నాడని నవ్వును వచ్చును.

మన పల్లెలలో జ్ఞాపకము భయమై గూడ నిలిచినది. చనిపోయిన పునిస్త్రీని పేరంటాలుగ నిలిపి మ్రొక్కుదురు. కొన్ని కులములలో రెండవభార్య మెడలో మొదటి భార్య పేరిట చిన్న బంగారు ప్రతిమను వేయుదురు, ఆమె కోపము తగులకుండుటకు. మనసులో చోటియ్యనివారు మెడలో చోటిచ్చిరి.

మఱి జ్ఞాపక మెట్లుండవలెను? చదువురాని మన స్త్రీల నడుగుడు. భర్త శవముకడ కూర్చుండి రాగము తీసి యేడ్చు పల్లెటూరి స్త్రీని చదువుకొన్నవారు చూచి సిగ్గుపడి ఊరుకొమ్మందురు. ఆ శోకములను ఒక్కసారి శ్రద్ధగా వినవలెను. వాడే సంవత్సరము ఏ పొలము కౌలుకు చేసినదియు, ఏ వరదలో గొడ్డును తోలుకొని వచ్చినదియు, తన పుట్టింటివారితో తగవైనప్పుడు ఏ మాట అన్నదియు, ఏ కూర ఇష్టపడినదియు, త్రాగి వచ్చి కొట్టినదియు గూడ అందు వచ్చును. అది చరిత్ర. ఆ మనిషి తప్ప వేఱొకడు అందిమడడు. విశ్వనాథ సత్యనారాయణగారు భార్య స్మృతికి వరలక్ష్మీ త్రిశతి యను పద్యకావ్యమును వ్రాసిరి, దానిని సాహిత్యమని అలమారలో పెట్టుకొంటిమి. పల్లెటూరి యిల్లాలు వ్రాయకయే చెప్పినదానిని గోలయని ఆపితిమి.

జాన్ స్టూఅర్ట్ మిల్లు అను తత్త్వవేత్త భార్య హేరియటు 1858లో ఫ్రాన్సు దేశపు అవిన్యోను పట్టణమున మరణించినది. ఆయన ఆమె సమాధికి సమీపముననే ఇల్లు కొనుక్కొని, ప్రతిసంవత్సరము కొంతకాలము అక్కడ గడపి, 1873లో అక్కడనే మరణించి ఆమె ప్రక్కన చేరెను. ఇది ప్రేమ గల భర్త లెవరైన చేయగల పని. అంతకంటె గొప్ప పని మఱొకటి చేసెను. 1859లో స్వాతంత్ర్యమును గూర్చిన తన సుప్రసిద్ధ గ్రంథమును ఆమె కంకితము చేయుచు, తన రచనలలో ఉత్తమమైన భాగమునకు ఆమె ప్రేరకురాలే గాక కొంతవఱకు కర్త్రి యని ఒప్పుకొనెను. పండితు లప్పటినుండి ఆ మాట నమ్మవచ్చునా యని వాదించుచునే యున్నారు. భార్యకు బుద్ధియుండెనని భర్త చెప్పినచో లోకమునకు నమ్మకము కుదురుట కష్టము. అజుడును ఇందుమతిని కేవలము సుందరిగా తలచి యేడ్వలేదు. తనకు ఆలోచన చెప్పిన మంత్రిగను, ఏకాంతమున స్నేహితురాలిగను తలచుకొనెను. నేను బంగారు ప్రతిమకంటె, పాలరాతి మందిరముకంటె ఎక్కువగా నెంచునది ఈ ఒప్పుకోలునే.

రాజ్యలక్ష్మమ్మగారి సంగతి మనకు దగ్గఱిది. వితంతు వివాహముల నాడు వంటవారును, నీళ్లవారును వెలికి వెఱచి పంతులుగారి యిల్లు విడిచిపోగా, ఆమె స్వయముగా గోదావరినుండి నీరు మోసి, ఇంట చేరినవారందఱికి వండిపెట్టినది. పంతులుగారి స్వీయచరిత్ర వలననే గదా ఈ సంగతులు మనకు తెలిసినవి! ఆమె 1910లో పోయినది. ఆయన తనకంటె ముందు పోయిన భార్య పనిని అక్షరములలో పెట్టకున్నచో, ఆ బిందెల బరువు ఎవరికి తెలియును? నేడు ఆయన విగ్రహమునకు దండ వేయు సభలలో ఆమె పేరెన్నిసార్లు వినబడుచున్నదో సభ్యులే చెప్పవలెను.

నా యింటిలో పటమున్నది, కాదనను. కాని మా పిల్లలకు తల్లి తెలియుచున్నది పటమువలన గాదు. ఆమె పదునాలుగేండ్లు వ్రాసిన ఇంటిఖర్చుల పుస్తకములవలన. పదకొండవనాడు ఆమె చీరలు పంచిపెట్టిరి, పరుపు పాఱవేసిరి, దువ్వెన గూడ మిగుల్చలేదు. పుస్తకములు నా పాఠశాల కాగితములలో కలసియుండుటచే దక్కినవి. అంకెల ప్రక్కన పెన్సిలుతో ఆమె వ్యాఖ్యలుండును. పాలవాని కూతురు పెండ్లికని రెండువందలు ఎక్కువిచ్చినట్లొకచోట, నేను కొన్న నిఘంటువు ధర ప్రక్కన మూడు ఆశ్చర్యార్థకములొకచోట, నాతో చెప్పకుండ వీధిచివరి పిల్లవానికి పరీక్షరుసుము కట్టినట్లొకచోట. మా అమ్మాయి వానిని చదివి నవ్వుచున్నది. ఒకనాడు అది, “అమ్మకు నీమీద కోపము వచ్చేదన్నమాట!” అని సంతోషముతో ననెను. ఆబ్దికపు మంత్రములలో ఆ పిల్లకు దొరకని తల్లి ఆ ఆశ్చర్యార్థకములలో దొరకినది.

తుదకు మన సంస్కారపక్షమువారితో ఒక పోట్లాట. వారు నా మిత్రులే గాన గట్టిగనే చెప్పెదను. పునర్వివాహమునకై పోరాడినవారు, మరల పెండ్లాడిన స్త్రీ మొదటి భర్తను పూర్తిగా మఱచిపోవలెనని తెలియకయే నియమము పెట్టిరి. 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టమే దీనికి సాక్షి. ఆ చట్టము ఒకచేత పెండ్లికి ననుజ్ఞ యిచ్చి, రెండవచేత, అట్లు పెండ్లాడిన స్త్రీకి మొదటి భర్త యాస్తిలో గల హక్కు, ఆమె యప్పుడే చనిపోయినట్లు భావించి, రద్దగునని వ్రాసెను. 1983లో ఆ చట్టమును తీసివేసిరి గాని ఆ భావము ఇంకను మన యిండ్లలో నున్నది. రెండవ పెండ్లి చేసికొన్న యువతి మొదటివాని ఛాయాచిత్రమును పెట్టె యడుగున దాచుకొనవలసి వచ్చుచున్నది. రెండవభార్య వచ్చిన యింట మొదటి భార్య పటము అటకకెక్కుచున్నది, పిల్లలు కన్నతల్లి మాట యెత్తుటకు వెఱచుచున్నారు. మరల పెండ్లాడుట ద్రోహమనువారును, పెండ్లాడితివి గనుక మఱచిపొమ్మనువారును ఒక్క పొరపాటే పడుచున్నారు. హృదయము ఒకటే గది యున్న అద్దె యిల్లనియు, క్రొత్తవారు రావలెనన్న పాతవారు సామాను తీయవలెననియు వారి భావన. ఇద్దఱు బిడ్డలు గల తల్లినెవరైన ఇట్లడుగుదురా?

పెండ్లాడదలచిన వారు పెండ్లాడుదురు గాక, వలదనుకొన్నవారు వలదనుకొందురు గాక. వలదన్న వితంతువును వెనుకబడినదని సంస్కర్తలు హేళన చేయుట నేను విన్నాను. అదియు గాజులు పగులగొట్టుట వంటిదే.

ఈ సంచికను చదువుచున్న యిండ్లలో ఏదో యొకదానికి ఈ సంవత్సరము ముగియకముందే పదవనాడు రాక తప్పదు. ఆనాటి తెల్లవారుజామున గాజుల మలారముతో వచ్చు పెద్దమ్మను గుమ్మముకడ ఆపి, “ఉండు పెద్దమ్మా, లోపలికి పోయి ఆమెను అడిగి వచ్చెదను” అని చెప్పుటకు ఆ యింట నొక్క మనిషి యుండిన చాలును. ఆ మనిషి మగవాడైనచో మఱింత మంచిది, ఇంతకాలము దూరముగ నిలువబడి తల త్రిప్పుకొన్నవాడు వాడే గదా.